మిల్లు నుంచి మురుగు కాలువ దాకా: మేనేజ్‌మెంట్ పరిశోధనపై మీ ప్రశ్నలు, మా జవాబులు

బిజినెస్ స్కూళ్లలో వ్యాపారం మీద, సమాజం మీద, ప్రభుత్వ పథకాల మీద జరిగే పరిశోధన గోదావరి డెల్టాలో ఎవరికి అక్కరకొస్తుంది? ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఏదో ఒక రకంగా ఇదే అడిగాయి. ఒకే విషయం మీద వచ్చినవాటిని కలిపి జవాబు ఇస్తున్నాం.

మాది నాన్నగారి నాటి రైస్ మిల్లు. మా అబ్బాయి ఎంబీఏ చదివొచ్చి, లెక్కలు పద్ధతిగా రాస్తే ఉత్పత్తి పెరుగుతుందని పరిశోధనల్లో తేలిందంటున్నాడు. మిషను మార్చకుండా పుస్తకాలు రాసుకుంటే బియ్యం పెరుగుతాయంటారా?
– ఒక మిల్లు యజమాని, తణుకు

మీవాడి మాటకి ఆధారం ఉంది. నికొలస్ బ్లూమ్, మరికొందరు ఆర్థికవేత్తలు ముంబై దగ్గరి బట్టల మిల్లుల్లో చేసిన ప్రయోగం 2013లో అచ్చయింది. 17 కంపెనీలు, వాటి 28 ప్లాంట్లు అందులో ఉన్నాయి. కొన్ని ప్లాంట్లకి కన్సల్టెంట్లని పంపి నెలల తరబడి దగ్గరుండి పద్ధతులు పెట్టించారు. కొన్నిటిని మాత్రం ఒక నెల పరిశీలించి వదిలేశారు. పెట్టించిన పద్ధతులు 38. ఏ లోపం ఎక్కడ వచ్చిందో రోజూ రాయడం, మిషను ఆగకముందే మరమ్మతు చేయడం, నూలు నిల్వలకి చీటీలు కట్టడం, పొద్దున్నే పదినిమిషాలు నిలబడి మాట్లాడుకోవడం లాంటివి. వీటిలో కొత్త యంత్రం ఒక్కటీ లేదు. వదిలేసిన ప్లాంట్లతో పోలిస్తే మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. ఆ పోలిక లేకపోతే ఈ 17కి విలువ లేదు. ఆ ఏడాది గిరాకీ బాగుండి అందరికీ పెరిగిందేమో అన్న అనుమానం అలాగే మిగిలిపోయేది.

మీ మిల్లులో మొదలుపెట్టాల్సింది ఆపు పుస్తకంతో. మిల్లు ఆగిన ప్రతిసారీ ఎన్నింటికి ఆగింది, ఎన్నింటికి నడిచింది, ఎందుకు ఆగింది, ఈ మూడే రాయాలి. కారణాలు ఆరుకి మించనివ్వకండి: కరెంటు, బెల్టు లేదా బేరింగు, రబ్బరు రోలర్ల మార్పిడి, ధాన్యం అందకపోవడం, మనుషులు లేకపోవడం, ఇతరాలు. రెండు వారాలయ్యాక కారణాల వారీగా గంటలు కూడండి. ఎక్కువ గంటలు తిన్న కారణం ఒకటో రెండో ఉంటాయి, ముందు వాటి సంగతే చూడండి. మిగతావాటి జోలికి అప్పుడే వెళ్లొద్దు.

రెండోది రాబడి పుస్తకం. ప్రతి లాటుకీ లోపలికి పోయిన ధాన్యం కిలోలు, తేమ శాతం, బయటికొచ్చిన బియ్యం, నూక, తవుడు విడివిడిగా తూచి రాయాలి. ప్రభుత్వ ధాన్యానికి క్వింటాలుకి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించాలి కదా. మీ సొంత లాట్లు ఆ గీతకి ఎంత పైన, ఎంత కింద ఉన్నాయో ఈ పుస్తకంలోనే తెలుస్తుంది. రోజుకి 100 క్వింటాళ్లు ఆడే మిల్లులో ఒక్క శాతం రాబడి పెరిగితే రోజుకి క్వింటాలు బియ్యం. తేమ 14 దగ్గర ఆడిన లాటునీ, 16 దగ్గర తొందరపడి ఆడిన లాటునీ పక్కపక్కన పెట్టి చూస్తే నూక ఎక్కడ పెరుగుతోందో చెప్పడానికి ఎంబీఏ అక్కర్లేదు. రోలర్లు మార్చిన తేదీ కూడా అందులోనే రాయండి. అరిగిన రోలర్లతో ఆఖరి మూడు రోజులు లాగించినప్పుడు పోయే బియ్యం ఖరీదు రోలర్ ఖరీదుతో పోల్చుకోవచ్చు.

ఇదంతా చెడేది ఎక్కడంటే, ఆపరేటరు సాయంత్రం కూర్చుని రోజంతటిదీ అంచనాగా నింపేస్తాడు. ఎందుకంటే మొదటి వారమే ఆ పుస్తకం చూపించి అతన్ని కేకలేసి ఉంటారు. పుస్తకం చూసి జీతం కోస్తే అందులోకి అబద్ధాలే చేరతాయి. మొదటి నెల ఎవరినీ ఏమీ అనొద్దు.

ఇంకో సంగతి మీ అబ్బాయికి చెప్పండి. ఆ పరిశోధకులే సుమారు తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ ఆ మిల్లులకి వెళ్లి చూస్తే, పెట్టిన పద్ధతుల్లో దాదాపు సగం ఆగిపోయి ఉన్నాయి. మేనేజర్లు మారడం, యజమానులకి తీరిక లేకపోవడం ప్రధాన కారణాలు. కంపెనీ ఎంత పెద్దదన్నది ఇంట్లో ఎంతమంది మగవాళ్లున్నారన్న దాని మీద ఆధారపడుతోందని మొదటి అధ్యయనంలోనే గమనించారు. బయటివాణ్ణి నమ్మి తాళాలివ్వరు కాబట్టి. ఆ మాట మన మిల్లుల గురించి రాసినట్టే ఉంటుంది.

ఫోన్లో రోజూ రొయ్యల రేట్లు వస్తున్నాయి. కేరళలో ఫోన్లు వచ్చాక చేపలవాళ్ల లాభం పెరిగిందని చదివాను. మరి మాకెందుకు పెరగడం లేదు?
– రొయ్యల రైతు, భీమవరం దగ్గర

మీరు చదివింది రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన పరిశోధన. ఉత్తర కేరళ తీరానికి 1997 నుంచి 2001 మధ్య సెల్‌ఫోన్లు దశలవారీగా వచ్చాయి. 1997 జనవరి 14న బడగర రేవులో 11 మంది జాలర్లు కొనేవాళ్లు లేక కవళ్ల చేపలు పారబోశారు. అదే పొద్దున 15 కిలోమీటర్ల లోపు ఇతర రేవుల్లో కొనడానికి వచ్చిన 27 మంది చేపలు దొరక్క ఖాళీ చేతులతో పోబోతున్నారు. ఫోన్లు వచ్చాక పడవ సముద్రంలో ఉండగానే నాలుగు రేవులకి ఫోన్ చేసి, రేటున్న చోటికి పోవడం మొదలైంది. పారబోత దాదాపు ఆగిపోయింది. జాలర్ల లాభం 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకి ధర 4 శాతం తగ్గింది.

లాభం తెచ్చింది రేటు తెలియడం ఒక్కటే కాదు. పడవ తిప్పుకోగలగడం కూడా ఉంది. పశ్చిమ బెంగాల్లో రెండు జిల్లాల బంగాళాదుంప రైతులకి పరిశోధకులు రోజూ టోకు మార్కెట్ ధరలు చెప్పి చూశారు. సగటున రైతు చేతికొచ్చిన ధర ఏమీ మారలేదు. అక్కడ రైతు తనంత తానుగా పెద్ద మార్కెట్లో అమ్ముకోలేడు. ఊరి వ్యాపారి కాదంటే సరుకు తిప్పుకునే దారి లేదు.

మీది ఆ జాలరి పరిస్థితో, ఈ బంగాళాదుంప రైతు పరిస్థితో మీకే తెలుసు. మేత బస్తాలు అప్పుకి ఇచ్చినవాడే పట్టుబడి రోజు, అంటే రొయ్యలు పట్టే రోజు, కొనుగోలుదారుణ్ణి తెస్తే, ఫోన్లో రేటు చూసి చేయగలిగేదేముంది? అలాగని చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పని లేదు. మూడు పనులున్నాయి.

పట్టుబడికి నాలుగు రోజుల ముందు కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో ఆ లెక్క) మీరే తీయండి. మేత ట్రే దగ్గర మాత్రమే వల విసిరితే పెద్ద రొయ్యలు ఎక్కువ పడి కౌంటు బాగున్నట్టు కనిపిస్తుంది. గట్టు వారన రెండు చోట్ల, మధ్యలో రెండు, తూము దగ్గర ఒకటి, మొత్తం అయిదు చోట్ల విసరండి. ప్రతి వలలో పడినవాటిని నీరు ఓడ్చి తూచి లెక్కపెట్టి, మొత్తం రొయ్యల్ని మొత్తం కిలోలతో భాగించండి. అయిదు కౌంట్లు తీసి వాటికి సగటు కట్టకండి, చిన్న వలకీ పెద్ద వలకీ ఒకే బరువు ఇచ్చినట్టవుతుంది.

తర్వాత, ముగ్గురిని రేటు అడగండి, కానీ ఒకే మాటల్లో అడగండి. ఫలానా కౌంటుకి ఎంత, కౌంటు ఒకటి తేడా వస్తే ఎంత కోత, మెత్త గుల్ల రొయ్య ఎంత శాతం దాటితే తీసేస్తారు, ఐసు, కూలి ఎవరివి, డబ్బు ఎన్నో రోజు. ఒకడు కిలోకి అయిదు రూపాయలు ఎక్కువ చెప్పి, కౌంటు కోతలో ఏడు లాగేస్తాడు. ఒకే కాగితం మీద మూడు వరసలు రాసి, మీ కౌంటుకి చివరికి చేతికొచ్చే రూపాయలే పోల్చండి.

మూడోది, అప్పు ఖరీదు. మేత బస్తా నగదు ధరకీ అప్పు ధరకీ తేడా రాసి, దానికి పట్టుబడిలో ఆ అప్పిచ్చినవాడికే అమ్మడం వల్ల కిలోకి తగ్గిన రూపాయలు కలపండి. ఉదాహరణకి, 3 టన్నుల పంటకి కిలోకి 8 రూపాయలు తగ్గితే 24,000. నాలుగు నెలల అప్పుకి అది వడ్డీయే. బ్యాంకు రేటుతో పోల్చుకోండి.

తెల్లమచ్చ తెగులు వచ్చి రాత్రికి రాత్రి పట్టాల్సొస్తే ఈ లెక్కలేవీ పనికిరావు. ఆ రోజు ఎవరి లారీ ముందొస్తే వాళ్లదే రేటు. అమెరికా 2025 ఆగస్టులో మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పటిలా ధరలు అన్ని చోట్లా కలిసి పడిపోతే, ఏ ఫోనూ ఆదుకోదు. జెన్సెన్ చూసింది రేవుకీ రేవుకీ మధ్య తేడా. అన్ని రేవులూ మునిగితే పడవ ఎటు తిప్పుతాం?

పిల్లల మార్కుల్ని బట్టి ఉపాధ్యాయులకి బోనస్ ఇస్తే చదువు బాగుపడుతుందా? మన రాష్ట్రంలోనే ఇలాంటిదేదో చేశారని విన్నాను.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం

చేశారండి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో నడిపారు. 2011లో అచ్చయింది. ఏ బడికి బోనస్, ఏ బడికి లేదు అన్నది లాటరీ. తరగతి సగటు మార్కు ఒక శాతం పెరిగితే 500 రూపాయలు, సగటున జీతంలో మూడు శాతం దాకా వచ్చింది. రెండేళ్ల తర్వాత లెక్కల్లోనూ భాషలోనూ బోనస్ బడుల పిల్లలు స్పష్టంగా ముందున్నారు. బోనస్ లేని సబ్జెక్టుల్లోనూ వెనకబడలేదు. ఇది మాక్కూడా ఆశ్చర్యమే. కొలిచినదే చెప్పి మిగతావి వదిలేస్తారన్న భయం అందరికీ ఉంటుంది.

గమనించాల్సింది, బోనస్ లెక్క ఆ పిల్లలే ఏడాది మొదట్లో తెచ్చుకున్న మార్కుల నుంచి ఎంత పెరిగారన్న దాని మీద. ఆఖరి మార్కు చూసి ఇచ్చి ఉంటే పట్టణంలో చదువుకున్న ఇళ్ల పిల్లలున్న బడికే పోయేది, లంకగ్రామం బడికి ఎప్పటికీ రాదు. పరీక్షలు పెట్టినవాళ్లు కూడా ఆ బడి మనుషులు కారు. ఈ రెండూ లేకుండా బోనస్ మాత్రం పెడితే ఫలితం వేరుగా ఉంటుంది.

ఎంబీఏ ప్రాజెక్టుకి "రైతు సేవా కేంద్రాల్లో ధాన్యం కొనుగోలుపై రైతుల సంతృప్తి" తీసుకున్నాను. 100 మందిని అడిగితే చాలా? గూగుల్ ఫారం వాట్సాప్ గ్రూపుల్లో పెడదామనుకుంటున్నాను.
– విద్యార్థిని, రాజమహేంద్రవరం

ఫారం ఆలోచన మానేయండి. ఆ గ్రూపుల్లో ఉన్నవాళ్లు, అందులోనూ ఓపిగ్గా నింపేవాళ్లు, మీరు తెలుసుకోవాలనుకుంటున్న రైతులు కారు.

సంఖ్య సంగతి చూద్దాం. శాతాలు చెప్పాలంటే, లాటరీ పద్ధతిలో ఎంచిన 100 మందితో పొరపాటు హద్దు అటూ ఇటూ 10 శాతం. 400 అయితే 5. అంటే 100 మందిలో 55 మంది ఆలస్యమైందన్నారంటే, నిజం 45కీ 65కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అది కూడా మనుషులు ఊళ్లన్నిటా చెదిరి ఉంటేనే. రెండు ఊళ్లలో 50 మంది చొప్పున తీసుకుంటే 100 అని చెప్పుకోవడం తప్ప లాభం లేదు, ఒక ఊళ్లో అందరూ ఒకే కేంద్రానికి తోలతారు కాబట్టి ఒకే మాట చెప్తారు. 20 ఊళ్లలో అయిదుగురు చొప్పున తీసుకోండి, బస్సు ఖర్చు పెరిగినా సరే.

ఇక జాబితా. పాస్‌బుక్ ఉన్నవాళ్ల జాబితా నుంచి ఎంచితే డెల్టాలో అసలు సేద్యం చేసేవాళ్లలో పెద్ద భాగం జారిపోతుంది. యజమాని హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు, ఊడ్పులు చేయించేది కౌలురైతు. 2019 చట్టం ప్రకారం ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రానికి యజమాని సంతకం కావాలి, గడువు 11 నెలలు. ఆ సంతకం దొరకని కౌలుదారు ఏ జాబితాలోనూ ఉండడు. కాబట్టి ఏ పంట ఎవరు వేశారో నమోదు చేసే ఈ-క్రాప్ జాబితాలోంచి సగం మందిని ఎంచండి. మిగతా సగానికి, ఎంచిన బోదె (పిల్ల కాలువ) వెంట నడిచి ప్రతి ఆరో చేను ఎవరు చేస్తున్నారో అడిగి వాళ్లని పట్టుకోండి. జాబితాలో 300 పేర్లుండి 5 కావాలంటే 300ని 5తో భాగించాలి, 60 వస్తుంది. ఒకటి నుంచి 60 లోపు ఒక అంకె చీటీ తీసి, అక్కడి నుంచి ప్రతి అరవయ్యో పేరు. ఇంట్లో లేకపోతే పక్కింటివాణ్ణి అడిగేయకండి, సాయంత్రం మళ్లీ వెళ్లండి. పొద్దున ఇంట్లో దొరికేవాళ్లూ సాయంత్రం దొరికేవాళ్లూ ఒక రకం రైతులు కారు.

"సంతృప్తిగా ఉన్నారా" అని అడిగితే మొహమాటానికి "బాగానే ఉందమ్మా" అంటారు. కేంద్రం అరుగు మీద అడిగితే మరీను. సంతృప్తి మానేసి తేదీలూ కిలోలూ అడగండి. ధాన్యం ఏ రోజు తోలారు, డబ్బు ఖాతాలో ఏ రోజు పడింది, ఎవరి ఖాతాలో పడింది, తేమ ఎంతన్నారు (హద్దు 17), బస్తాకి ఎన్ని కిలోలు తరుగు తీశారు, గోనె సంచులు ఎవరు తెచ్చారు, మొదట బయట వ్యాపారికి అడిగి చూశారా, అతనెంతన్నాడు. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు, అంటే మన 75 కిలోల బస్తాకి సుమారు 1,777. రైతు చెప్పే "బస్తా" ఎన్ని కిలోలదో ప్రతిసారీ అడగాలి. 75 అని మీరనుకుంటారు, ఆయన సంచి లెక్కలో 40 చెప్తాడు, మీ సగటు మొత్తం బూడిదవుతుంది. సార్వాదా (వానకాలం పంట) దాళ్వాదా (రెండో పంట) అన్నది కూడా ముందే గట్టి చేసుకోండి.

అసలు సర్వేకి ముందు 10 మంది దగ్గర ప్రశ్నలు పరీక్షించండి. చివర్లో, అడిగినవాళ్లలో పదిమందికి ఒకరి చొప్పున మీ స్నేహితురాలి చేత మళ్లీ ఫోన్ చేయించి మూడు ప్రశ్నలు అడిగించండి. జవాబులు కలవకపోతే తప్పు ప్రశ్నలో ఉందో అడిగిన తీరులో ఉందో చూడండి.

ఇంకొకటి. మీ నివేదిక చివర "కేంద్రాల వల్ల రైతుకి మేలు జరిగింది" అని రాయాలనిపిస్తుంది. మీ సర్వే ఆ మాట చెప్పలేదు. ఆ మాట చెప్పాలంటే ఎలాంటి ఏర్పాటు కావాలో ఉమ్మడి రాష్ట్రంలోనే జరిగిన స్మార్ట్‌కార్డుల అధ్యయనం చూడండి. ఉపాధి హామీ కూలీ, పింఛన్లు వేలిముద్ర కార్డు మీద ఇవ్వడం 157 మండలాల్లో ముందెక్కడ, వెనకెక్కడ అన్నది ప్రభుత్వంతో మాట్లాడి లాటరీ వేశారు. ముందొచ్చిన మండలాల్లో ఉపాధి హామీ సొమ్ము దారి మళ్లడం 41 శాతం తగ్గింది. 2016లో అచ్చయింది. మీకు లాటరీ వేసే అధికారం లేదు, ఒక విద్యార్థి ప్రాజెక్టుకి అవసరమూ లేదు. "ఎన్ని రోజులకి డబ్బు పడింది, ఎవరికి ఆలస్యమైంది" అన్నంత వరకు శుభ్రంగా చెప్తే అదే మంచి ప్రాజెక్టు.

మాది కాలువ చివరి శివారు. పైవాళ్లు తూములు మూయరు, మాకు నారుమడికే నీరు ఆలస్యం. నీటి సంఘం ఉంది కానీ పేరుకే. సంఘాలు ఎక్కడ పనిచేస్తాయో ఎవరైనా పరిశోధించారా?
– రైతు, అంతర్వేది వైపు

చాలామంది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు 1980 ప్రాంతంలో కర్నూలు వైపు కాలువ కింది ఊళ్లు తిరిగి చూశారు. కొన్ని ఊళ్లు సొంత ఖర్చుతో నీరు పారించే మనుషుల్నీ పొలం కాపరుల్నీ పెట్టుకున్నాయి, పక్క ఊళ్లు పెట్టుకోలేదు. తేడా మనుషుల మంచితనంలో లేదు. నీరు ఖాయంగా అందే ఎగువ ఊళ్లకి ఆ అవసరం లేదు, నీరు వస్తుందో రాదో తెలియని దిగువ ఊళ్లు మాత్రం కట్టుబాటు చేసుకున్నాయి. ఎలినార్ ఆస్ట్రమ్ ఇలాంటి కట్టుబాట్లని దేశదేశాల్లో పోల్చి చూశారు. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఆమె. నిలిచిన చోటల్లా ఆమెకి కొన్ని పోలికలు కనబడ్డాయి. ఎవరు సభ్యులో స్పష్టంగా ఉంటుంది, కాపలావాడు సభ్యులకే జవాబుదారీ, తప్పుకి జరిమానా చిన్నగా మొదలై పెరుగుతుంది, తగువు తీర్చుకునే చోటు దగ్గర్లో ఉంటుంది.

మన రాష్ట్రంలో 1997 చట్టంతో పది వేలకి పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఒక్కసారిగా ఏర్పడ్డాయి. సరిహద్దు గీసింది, ఎన్నిక పెట్టింది ప్రభుత్వం. అవసరం పుట్టి కట్టుకున్న సంఘానికీ ఉత్తర్వుతో పుట్టిన సంఘానికీ తేడా మీ ఉత్తరంలోనే ఉంది. పైగా మీ సంఘంలో ఎగువ రైతూ దిగువ రైతూ ఒకే గొడుగు కింద ఉన్నారు, ఎగువ రైతుకి తూము మూయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

అందుకని సంఘం మొత్తాన్ని బాగుచేయాలని చూడకండి. ఒక్క బోదెతో మొదలుపెట్టండి, మాట కన్నా అంకె ముందు పెట్టండి. బోదె తలకాయలోనూ మీ శివారులోనూ సెంటీమీటర్లు గీసిన కర్ర ఒకటి పాతి, పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి నీటి మట్టం పదిహేను రోజులు రాయండి. పారకం కొలవడానికి మీటరు అక్కర్లేదు. బోదె వంపు లేకుండా తిన్నగా ఉన్న చోట 10 మీటర్లు కొలిచి, నిమ్మకాయ వదిలి సెకన్లు లెక్కపెట్టండి. అయిదుసార్లు వదిలి సగటు తీయండి. 25 సెకన్లు పట్టిందంటే సెకనుకి 0.4 మీటరు. వెడల్పు 1.2 మీటర్లు, లోతు 0.4 అయితే మూడూ గుణించి, అడుగున నీరు నెమ్మదిగా పోతుంది కాబట్టి 0.8తో మళ్లీ గుణిస్తే సెకనుకి సుమారు 154 లీటర్లు, ఐదున్నర క్యూసెక్కుల లోపు. ఎకరం చేలో 5 సెంటీమీటర్లు నిలపాలంటే 202 ఘనపు మీటర్లు కావాలి. ఈ పారకంతో గంటకి 2.7 ఎకరాలు తడుస్తాయి, 60 ఎకరాల బోదెకి దాదాపు 22 గంటలు. ఇంకడాలు, గండ్లు కలుపుకుని రోజున్నర అనుకోండి. ఎగువవాళ్లు నాలుగు రోజులు తూము తెరిచే ఉంచారని మీ కర్ర లెక్క చూపిస్తే, వంతు అడగడానికి అప్పుడు ఆధారం దొరికింది. కాలువ చూసే లస్కరు ముందు, ఇంజనీరు ముందు "మాకు నీరు రావట్లేదు" అనడానికీ, పదిహేను రోజుల కాగితం పెట్టడానికీ చాలా తేడా ఉంటుంది.

నిమ్మకాయ లెక్క చెడేది గుర్రపుడెక్క ఉన్న చోట. ముందు ఆ 10 మీటర్లు శుభ్రం చేసి కొలవండి. గాలి ఎదురున్నప్పుడు కొలవకండి.

కర్నూలు పాఠాన్ని మన దగ్గర ఉన్నదున్నట్టు వాడలేం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి మన బాధ నీటి కొరత ఒక్కటే కాదు, వచ్చిన నీరు పోకపోవడం కూడా. 2011లో కోనసీమ రైతులు సార్వాకి పంట విరామం ప్రకటించి సుమారు లక్ష ఎకరాలు బీడు పెట్టినప్పుడు, గిట్టుబాటు ధరతో పాటు మురుగు కాలువల పూడిక కూడా వాళ్ల ఫిర్యాదుల్లో ఉంది. నీటి వంతుకి ఎగువవాడు శత్రువు, మురుగుకి మాత్రం అతను కూడా బాధితుడే. ఎగువ దిగువ కలిసి చందా వేసుకునే పని ఏదన్నా ఉంటే అది వేసవిలో కాలువలకి నీరు ఆపినప్పుడు డ్రెయిన్‌లో తూడు తీయించడం. మేమైతే అక్కడ మొదలుపెడతాం. తీసిన తూడు గట్టు మీదే కుప్ప పోయకండి, తొలకరి వానకి మళ్లీ లోపలికే జారుతుంది.

పదిహేనేళ్లుగా లేసు అల్లుతున్నాను. ఈమధ్య నరసాపురం లేసుకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందన్నారు. మా కూలి ఎందుకు పెరగలేదు?
– నరసాపురం నుంచి ఒక పాఠకురాలు

గుర్తింపు 2024లో వచ్చింది. అది పేరుకి రక్షణ. వేరే చోట చేసిన దాన్ని నరసాపురం లేసని అమ్మకూడదు, అంతే. కూలి గురించి అందులో ఒక్క ముక్క ఉండదు. ఆ పేరు వాడుకోవడానికి కూడా అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. చేసేవాళ్ల పేర్లు అందులో లేకపోతే లాభం ఏజెంటు దగ్గరే ఆగుతుంది. మీ గ్రూపు పేరు నమోదైందో లేదో ముందు కనుక్కోండి.

మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు మీ ఊరి లేసు మీదే చేసిన అధ్యయనం 1982లో అచ్చయింది. రోజుకి ఎన్నో గంటలు అల్లి విదేశాలకి సరుకు పంపే ఆడవాళ్లని ఎవరూ పనివాళ్లుగా లెక్కించలేదు. "ఇంట్లో ఖాళీగా కూర్చుని చేసుకునేది" అన్నారు, వాళ్లూ అలాగే చెప్పుకున్నారు. ఆ ఖాళీ అన్న మాటే ధరని కిందకి నొక్కిందని ఆమె వాదన. మేం దాన్ని ఒప్పుకుంటాం.

మీరు చేయగలిగింది గంటలు రాయడం. ఒక్కో ముక్కకి నూలు గ్రాములు ముందు, తర్వాత తూచి, కూర్చున్నప్పుడు లేచినప్పుడు టైము రాయండి. వంటకి లేచిన సమయం తీసేయండి. తొమ్మిది గంటలు పట్టి 60 రూపాయలొచ్చాయనుకోండి, గంటకి ఏడు రూపాయలు కూడా లేదు. ఒక్కరి లెక్క చూపిస్తే "నీ చెయ్యి నెమ్మది" అంటారు. అదే డిజైను ఎనిమిది మంది అల్లి, మధ్యరకం చేతి గంటలు చూపించండి. డిజైను మారినప్పుడల్లా ముక్క రేటు మళ్లీ మాట్లాడాలి. పాత రేటుకే కొత్త డిజైను ఒప్పుకోవడంలోనే ఎక్కువ పోతోంది.

నేరుగా ఆర్డరు పట్టాలనుకుంటే బిగువు సంగతి చూసుకోండి. ఒకరి చెయ్యి బిగువు, ఒకరిది వదులు, 12 ముక్కలు కలిపి టేబుల్ గుడ్డ కుడితే అంచులు కలవవు, కొన్నవాడు తిప్పి పంపుతాడు. సూది నంబరు, నూలు నంబరు ఒకటే పెట్టి, అట్టముక్క మీద కొలత గీసి, ప్రతి ముక్కనీ దాని మీద పరిచి చూశాకే కలపండి.

ఈ రకం పరిశోధన చేయాలంటే ఎక్కడ చేరాలి?
– డిగ్రీ విద్యార్థి, కాకినాడ

దగ్గర్లో 2015లో మొదలైన విశాఖ ఐఐఎం ఉంది. హైదరాబాద్‌లో ఐఎస్‌బీ ఉంది. అహ్మదాబాద్ ఐఐఎంలో వ్యవసాయ నిర్వహణకి ప్రత్యేక కేంద్రమే ఉంది. సహకార సంఘాలు, పల్లె సంస్థల మీద ఆసక్తి ఉంటే గుజరాత్‌లోని ఆణంద్ గ్రామీణ నిర్వహణ సంస్థ (ఇర్మా). ఐఐఎంల పీహెచ్‌డీకి క్యాట్ ప్రవేశ పరీక్ష రాయాలి, అది నవంబరు ఆఖర్లో ఉంటుంది. చాలా చోట్ల గేట్, జేఆర్‌ఎఫ్ స్కోర్లు కూడా తీసుకుంటారు. చేరినవాళ్లకి స్టైపెండ్ వస్తుంది. డిగ్రీతోనే నేరుగా తీసుకునేవి తక్కువ, పీజీ చేసి వెళ్లడం మేలు. ఈలోపు గణాంకశాస్త్రం గట్టిగా చదవండి, ఇంటర్వ్యూలో జారేది అక్కడే. పరిశోధనాంశం ఒక పేజీ రాయమంటారు. "గ్రామీణాభివృద్ధి – సవాళ్లు" అని రాసి పంపకండి. దాళ్వా ధాన్యం డబ్బు నెల ఆలస్యమైతే కౌలురైతు బయట ఎంత వడ్డీకి తెస్తాడు, సకాలంలో డబ్బు పడ్డ పక్క ఊరి కౌలురైతుతో పోలిస్తే శిస్తు కట్టడంలో ఎంత వెనకపడతాడు, ఆ లెక్క ఏ రికార్డుల్లోంచి తీస్తారు, ఈ మూడూ రాయండి.